కొండబాటకు ముందు కాగితం మీద బాట

మన కుటుంబాలకు మోటారు సైకిలు కొత్త వస్తువు కాదు. మైసూరులో తయారైన జావానో, మద్రాసులో తయారైన ఎన్‌ఫీల్డునో తాతగారి గుర్తుగా తుడిచి, గుడ్డ కప్పి ఉంచుకొన్న ఇళ్ళు మేము ఎరుగుదుము. అయితే కొన్నేళ్ళుగా మనవారి ఇళ్ళముందు అక్కడక్కడ నిలుస్తున్న బండి వేరొక జాతిది. ఎత్తయిన సీటు, పెద్ద ముందు చక్రం, కొంగముక్కులాగ ముందుకు సాగిన మడ్‌గార్డు, రెండు పక్కల ఇనప్పెట్టెలను తలపించే అల్యూమినియం పెట్టెలు. ధర అడిగితే, ఇంటిస్థలం కొన్ననాటి సొమ్ము గుర్తుకు వచ్చి పెద్దవారు కాసేపు మాట్లాడరు. తారు రోడ్డు అయిపోయిన చోట దీని అసలు పని మొదలవుతుందని అమ్మేవారు చెపుతారు. కొన్న కుర్రవాడు కూడా ఆ మాట నమ్మి, సెలవు పెట్టి, హిమాలయాలకు పోతానంటాడు.

అప్పుడు ఇంట్లో రెండు రకాల మాటలు వినవస్తవి. ఒకటి, "ఉన్న రోడ్లు చాలవా నాయనా?" అని. రెండవది, "సరే, జాగ్రత్తగా వెళ్ళిరా" అని. మొదటి మాటకు కుర్రవాడు ఆగడు. రెండవ మాట వల్ల అతనికి ఒరిగేదీ లేదు. ఎంత బరువు వేసుకొని పోతున్నావు, ఏ రాత్రి ఎంత ఎత్తున పడుకొంటావు, ఏ వాగును ఏ గంటకు దాటుతావు, ఎక్కడినుంచి వెనక్కు తిరుగుతావు అని అడిగే పెద్దలు మాకు అరుదుగా కనిపించారు. అడగటానికి పెద్దలకు బండి నడపటం రానక్కరలేదు. జవాబులు కాగితం మీద వ్రాయించగలిగితే చాలును. ఆ కాగితం ఎలా ఉండాలో చెప్పటానికే ఈ వ్యాసం.

బండి సంగతి ముందు కొంచెం తెలిసికొందాము. 1980లో జర్మనీ దేశపు బి.ఎమ్.డబ్ల్యు. కంపెనీ ఆర్ 80 జి/ఎస్ అనే బండిని తెచ్చింది. జి అంటే జర్మను భాషలో 'గెలెండె', అనగా కచ్చానేల. ఎస్ అంటే 'ష్ట్రాసె', అనగా వీధి. రెండింటికీ పనికివచ్చే ఒకే బండి అన్నమాట. మరుసటి ఏడు, 1981లో, పారిస్ నుంచి సహారా ఎడారిమీదుగా డకార్ వరకు సాగిన పందెంలో ఇటువంటి బండిమీదనే యూబర్ ఓరియోల్ నెగ్గాడు. అప్పటినుంచి ఈ జాతి పెరిగింది. ఇందులో చిన్న బండ్లకు మన పరిసరాలతో సంబంధం లేకపోలేదు: 2018లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన జి 310 జి.ఎస్. హోసూరులో తయారయింది, 2016లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డు హిమాలయన్ మద్రాసు కంపెనీది. ఆ కార్ఖానాలకు పనికి పోయే తెలుగువారు మన చందాదారులలోనే ఉండవచ్చును.

ఇక పెద్ద బండి. ఆర్ 1250 జి.ఎస్. పెట్రోలు నిండుగా పోసినప్పుడు 249 కిలోలు తూగుతుంది. అదే బండిలో పెద్ద ట్యాంకు గల 'అడ్వెంచర్' రకం 268 కిలోలు. 2023లో వచ్చిన ఆర్ 1300 జి.ఎస్. తేలిక అని చెప్పుకొంటారు, అదీ 237. హిమాలయన్ 450 అయితే 196 కిలోలు. తారు రోడ్డుమీద ఈ తేడా తెలియదు. పైగా బరువున్న బండి గాలికి ఊగక స్థిరంగా పోతుంది. కంకరలో, ఇసుకలో, గుండ్రాళ్ళ వాగులో పడ్డాక తెలుస్తుంది ఆ యాభై కిలోలు ఎవరి నెత్తిన ఉన్నదో.

అందుచేత కాగితంలో మొదటి పద్దు బరువే కావలెను. ఒక ఇంటిలో మేము కూర్చుని వేయించిన లెక్క ఇట్లా వచ్చింది: బండి 249, మనిషి 75, తలకవచము, బూట్లు, కోటు వగైరా 10, అల్యూమినియం పెట్టెలు వాటి చట్రాలతో 15, బట్టలు మొదలగు సామాను 25, నీళ్ళు తిండి 4, పనిముట్లు 5. మొత్తం 383 కిలోలు. దాదాపు నాలుగు బస్తాల బియ్యం రెండు చక్రాలమీద నిలబెట్టి రాళ్ళలో తోలడమన్నమాట. ఇందులో బండినీ మనిషినీ తగ్గించలేము. కాని ఆ పెట్టెల 15, సామాను 25 మన చేతిలో ఉన్నవి. పెట్టెలు తీసి గట్టి గుడ్డ సంచులు కట్టుకొంటే బరువు తగ్గటమే కాదు, ఇంకొక ప్రమాదం కూడా తప్పుతుంది. బండి ఒరిగినప్పుడు మనిషి సహజంగా కాలు కింద ఆనిస్తాడు; బండి ఇంకా ముందుకు పోతూ ఉంటుంది గనుక వెనుకనుంచి వచ్చే గట్టి పెట్టె ఆ పిక్కను నొక్కి నేలకు అదుముతుంది. కాలు విరగటానికి అంతకంటె ఏమి కావలెను? గుడ్డ సంచి అయితే నలిగి ఊరుకొంటుంది.

2004లో ఇవాన్ మెక్‌గ్రెగర్, చార్లీ బూర్మన్ అనే ఇద్దరు నటులు లండన్ నుంచి తూర్పుగా బయలుదేరి న్యూయార్కు చేరిన యాత్ర చాలామంది చూచి ఉంటారు. వారివి ఇటువంటి పెద్ద బండ్లే. మంగోలియా బురదలో వారు పడుతూ లేస్తూ పోవటం చూస్తే జాలి వేస్తుంది. వారి వెంట ఉన్న ఛాయాగ్రాహకుడి బండి పాడయితే, అక్కడ దొరికిన చిన్న రష్యా బండి ఒకటి కొన్నారు. అది ఆ బురదలో పెద్ద బండ్లకంటె సులువుగా సాగింది. ఇది విని పెద్ద బండి వ్యర్థమని మేము అనము. దూరాభారం పోవటానికి దానికి సాటి లేదు. కాని ఏ బాటకు ఏ బండి అని ముందుగా అనుకోకపోతే తీరా రాళ్ళలో అనుకొని లాభం లేదు.

పడుకున్న బండిని లేపటం రావాలి. ఇంజను ఆపి, గేరులో ఉంచి, బండికి వీపు ఆనించి కూర్చుని, ఒక చేత హ్యాండిలు కొసను, మరొక చేత చట్రాన్ని పట్టుకొని, నడుము వంచకుండా కాళ్ళబలంతో చిన్న చిన్న అడుగులు వెనక్కు వేస్తే లేస్తుంది. కుడివైపుకు పడితే ముందే స్టాండు తీసి ఉంచవలెను, లేకుంటే లేచిన బండి అవతలికి పడుతుంది. సామానుతో సహా తన బండిని ఇంటి ఆవరణలో మూడుసార్లు వరుసగా లేపలేనివాడు ఆ సామానుతో బయలుదేరరాదని మా అభిప్రాయం. కొండలమీద ఒకసారి లేపితేనే పది నిమిషాలు రొప్పవలసి వస్తుంది.

ఇప్పుడు బాట. ఉదాహరణకు స్పితి లోయ తీసుకొందాము. హిమాచల ప్రదేశ్‌లో, టిబెట్టు సరిహద్దును ఆనుకొని, వాన పెద్దగా పడని ఎత్తయిన బంజరు నేల అది. మనవైపు కుర్రవాళ్ళు లడఖ్ తరువాత ఎక్కువగా పోయేది అక్కడికే. లోయలోకి రెండు దారులు. ఒకటి సిమ్లానుంచి సట్లెజ్ వెంట కిన్నౌరు మీదుగా కాజా. సుమారు 420 కిలోమీటర్లు. రెండవది మనాలీనుంచి గ్రాంఫూ, బాతల్, కుంజుం కనుమ మీదుగా కాజా. సుమారు 200 కిలోమీటర్లు. పటం చూచిన ఎవరైనా రెండవది దగ్గర గదా అంటారు. అందులోనే ఉన్నది తిరకాసు.

మనాలి సుమారు 2,050 మీటర్ల ఎత్తున ఉన్నది. బాతల్ దగ్గర చీలి పోతే వచ్చే చంద్రతాల్ సరస్సు సుమారు 4,250 మీటర్లు. ఉదయం మనాలిలో కాఫీ తాగినవాడు రాత్రి అక్కడ పడుకొంటే, ఒక్క పగటిలో రెండువేల రెండువందల మీటర్లు ఎక్కినట్లు. మూడువేల మీటర్లు దాటిన తరువాత, పడుకొనే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచరాదని, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగవలెనని వైద్యులు చెపుతారు. పగలు ఎంత ఎత్తుకు పోయి దిగినా ఫరవాలేదు. లెక్కకు వచ్చేది రాత్రి పడక. యానాంలో సముద్రమట్టాన ఊపిరి పీల్చేవారికైనా, బెంగళూరులో తొమ్మిదివందల మీటర్లమీద ఉండేవారికైనా ఇది ఒకటే. వయసు, కండబలం ఇందులో అక్కరకు రావు. కసరత్తు చేసిన కుర్రవాడు తలపట్టుకొని వాంతి చేసుకొంటూ ఉంటే, పక్కన వాళ్ళ మేనత్త టీ తాగుతూ కూర్చున్న సందర్భాలు ఉన్నవి.

కాబట్టి కిన్నౌరు వైపునుంచి ఎక్కి, మనాలి వైపు దిగవలెను. దూరం ఎక్కువ అయినా మెట్లు చిన్నవి. మేము వ్రాసి ఇచ్చే క్రమం ఇది: సిమ్లాలో ఒక రాత్రి, సరహన్‌లో ఒక రాత్రి, అక్కడి భీమకాళి గుడి చూడవలసినదే, కల్పాలో రెండు రాత్రులు, సుమారు 2,960 మీటర్లు. ఆ తరువాత చాలామంది నాకోలో ఆగుతారు. నాకో చక్కని ఊరే, కాని 3,600 మీటర్ల పైమాట. కల్పానుంచి అది పెద్ద మెట్టు. నాకోలో టీ తాగి, దిగి, తాబోలో పడుకోవటం మేలు. అది 3,300 లోపు. క్రీస్తుశకం 996లో కట్టిన బౌద్ధవిహారం అక్కడ ఉన్నది. మర్నాడు కాజా, దాదాపు 3,700 మీటర్లు. కాజాలో మూడు రాత్రులు. ఈ మూడు రోజులలో సామాను గదిలో పెట్టి, ఉత్త బండితో కిబ్బర్, కోమిక్ వంటి పైఊళ్ళకు పగలు పోయి సాయంత్రానికి దిగిరావచ్చును. మనిషికి గాలి అలవాటవుతుంది, మట్టిబాట చేతికి వస్తుంది. ఆ తరువాతనే చంద్రతాల్‌లో ఒక రాత్రి, మర్నాడు మనాలి.

ఇందులో ఇంకొక మెలిక కూడా ఉన్నది. ఎత్తు పడకపోతే మందు ఒక్కటే: దిగిపోవటం. ఎసిటజోలమైడ్ అనే మాత్ర వైద్యుని అడిగి ముందుగా వేసుకోవచ్చును. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి ఆయనకు చెప్పవలెను. కాని మాత్ర దిగిపోవటానికి బదులు కాదు. తలనొప్పి ఉంటే పైకి పోరాదు. నడక తూలినా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వచ్చినా ఆ క్షణమే కిందికి. కాజాలో అయితే కిన్నౌరు వైపు దిగవచ్చును. చంద్రతాల్‌లో అర్ధరాత్రి అయితే? దిగటానికి ఉన్నది ఆ రాళ్ళబాటే. అందుకే కాజాలో మూడవ రోజున ఎవరికి తలనొప్పి ఉన్నా చంద్రతాల్ కొట్టివేయవలసినదని కాగితంలో ముందే వ్రాసుకోవలెను. అక్కడికి పోయిన తరువాత ఎవడూ తనకు తలనొప్పి ఉన్నదని ఒప్పుకోడు.

బండికి కూడా ఊపిరి అందదు. కుంజుం కనుమ దాదాపు 4,550 మీటర్లు. అక్కడి గాలి సాంద్రత సముద్రమట్టపు గాలిలో మూడింట రెండు వంతులకంటె తక్కువ. ఇంజనులోని కంప్యూటరు పెట్రోలును సరిదిద్దగలదు గాని లేని గాలిని తేలేదు. అందువల్ల బలం మూడో వంతుకు పైగా తగ్గుతుంది, బరువు మాత్రం ఒక్క తులమైనా తగ్గదు.

ఇక గంటల లెక్క. తారు రోడ్డుకు కిలోమీటర్లు, కచ్చాబాటకు గంటలు వ్రాసుకోవలెను. చంద్రతాల్ నుంచి బాతల్‌కు దిగటానికి ఒక గంట. బాతల్ నుంచి చోటా దరా, ఛత్రూ మీదుగా గ్రాంఫూ వరకు సుమారు 50 కిలోమీటర్లు. దీనికి నాలుగు గంటలకు తక్కువ వ్రాయరాదు. సరిహద్దు రోడ్ల సంస్థ ఈ మార్గంలో పనిచేస్తూనే ఉంటుంది గనుక, ఒక ఏటి అనుభవం మరుసటి ఏటికి సరిగా అతకదు. జిల్లా పోలీసులు వెలువరించే దారి సమాచారం ఏ రోజుకారోజు చూచుకోవలెను. గ్రాంఫూ దాటాక మళ్ళీ మంచి రోడ్డు. 2020 అక్టోబరులో తెరచిన తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగం వచ్చిన తరువాత రోహతాంగ్ ఎక్కకుండానే మనాలి చేరవచ్చును.

ఆ యాభై కిలోమీటర్లలో చాలా చోట్ల నీళ్ళు బాటమీదుగా పారుతవి. ఇవి వాననీటి వాగులు కావు, మంచు కరిగిన నీళ్ళు. రాత్రి చలికి కరగటం తగ్గుతుంది గనుక తెల్లవారుజామున చీలమండ లోతున్న వాగు, ఎండ ఎక్కాక మధ్యాహ్నం మూడింటికి మోకాళ్ళు దాటవచ్చును. అదే చోటు, అదే రోజు. కాబట్టి ఆరు గంటలకల్లా చంద్రతాల్ విడిచిపెట్టి, పదకొండు లోపు పెద్ద వాగులన్నీ దాటే విధంగా లెక్క వ్రాసుకోవలెను. ఏ కారణం చేతనైనా బాతల్‌లో మధ్యాహ్నం అయితే ఆ రోజు బాతల్‌లోనే. ఇది కుదరదని వాదించేవారితో కలిసి పోవద్దు.

వాగును ముందు కాళ్ళతో నడిచి చూడవలెను. బండి నీటిలో పడితే మొదటి పని ఇంజను ఆపే మీట నొక్కటం. గాలిగొట్టం గుండా నీరు లోపలికి పోయి ఉంటే, మళ్ళీ స్టార్టరు నొక్కినవాడు ఇంజనును తన చేతులతోనే విరిచినవాడవుతాడు. నీరు గాలిలాగ నలగదు గదా. స్పార్కు ప్లగ్గులు ఊడదీసి, నీరు వెళ్ళగొట్టి, ఆ తరువాతనే నొక్కవలెను. ప్లగ్గు ఊడదీసే పనిముట్టు లేకపోతే? ఈ ప్రశ్న వాగులో వేసుకోకుండా ఇంట్లో వేసుకోవటానికే ఈ కాగితమంతా.

రుతువు సంగతి. కుంజుం మామూలుగా మే చివరనో జూనులోనో తెరుస్తారు, అక్టోబరు తరువాత మంచుతో మూతపడుతుంది. జూలై ఆగస్టులలో స్పితిలో వాన తక్కువైనా, అక్కడికి చేరవలసిన కిన్నౌరులో కొండచరియలు విరిగిపడుతూ ఉంటవి. సెప్టెంబరు మొదటి సగం మాకు ఇష్టం. కాని అదీ పూచీ కాదు: 2018 సెప్టెంబరు మూడవ వారం తరువాత అకాలంగా మంచు పడి లాహుల్‌లో వందలాది యాత్రికులు చిక్కుకొన్నారు, కొందరిని హెలికాప్టర్లలో తేవలసి వచ్చింది. 2023 జూలైలో చంద్రతాల్ దగ్గర రెండువందలమందికి పైగా రోజుల తరబడి మంచులో ఆగిపోయారు. వారిలో వయసు మళ్ళినవారూ ఉన్నారు. దారి తెరిపించి వారిని దించవలసి వచ్చింది.

అందుచేత పైన చెప్పిన పదిరోజుల క్రమానికి రెండు ఖాళీరోజులు చేర్చవలెను. బండిని రైలులో చండీగఢ్‌కో ఢిల్లీకో పంపి తెచ్చుకొనే రోజులు వేరు. (రైలుకు ఇచ్చేముందు ట్యాంకులోని పెట్రోలు పూర్తిగా తీసివేయవలెను, రిజిస్ట్రేషను కాగితం నకలు దగ్గర ఉంచుకోవలెను.) అంతా కలిపితే పదిహేడు, పద్ధెనిమిది రోజుల సెలవు. అంత దొరకదంటారా, స్పితి వద్దు. సోమవారం ఆఫీసుకు చేరాలనే తొందరే కుర్రవాళ్ళను మధ్యాహ్నపు వాగులో దించుతుంది. రోడ్డుకు ఆ నింద వేయటం న్యాయం కాదు.

పెట్రోలు పెద్ద సమస్య కాదు. కాజాలో బంకు ఉన్నది. అక్కడ నింపుకొన్నది మనాలి వరకు రెండువందల కిలోమీటర్లకు సరిపోవలెను. కచ్చాబాటలో, తక్కువ గేరులో, మామూలుకంటె ఎక్కువ తాగుతుందని మరువరాదు. టైర్లలో గాలి కచ్చాబాట మొదలైన చోట తగ్గించి, తారు రాగానే మళ్ళీ నింపుకోవలెను. నిండు సామానుతో 36, 42 పౌండ్లు ఉండేది పాతిక ప్రాంతానికి దించితే టైరు రాయిని కరుచుకొంటుంది. మరీ దించితే రాయి రిమ్మును కరుస్తుంది. చేతిపంపో బ్యాటరీ పంపో ఉండి తీరవలెను. బ్రేకు, క్లచ్చి మీటలు ఒక్కొక్కటి అదనంగా. బండి పడితే ముందు విరిగేవి అవే.

వెనుక సీటుమీద భార్యను ఎక్కించుకొని పోతామని కొందరు అడుగుతారు. కాజావరకు పోవచ్చును. కాని బాతల్-గ్రాంఫూ ముక్కలో వెనుక మరొక అరవై కిలోలు కూర్చోబెట్టుకోవటం ఇద్దరికీ మంచిది కాదు. ఆమెను ఆ రోజుకు టాక్సీలోనో, వేసవిలో ఆ దారిన నడిచే హిమాచల ప్రభుత్వపు బస్సులోనో పంపవచ్చును. అవును, ఆ దారిన బస్సు నడుస్తుంది. మనం సాహసమని పేరు పెట్టుకొన్న బాటమీదనే అక్కడి రైతు తన బఠాణీ బస్తాలను మనాలి వైపు తోలుకొంటాడు. ఇది గుర్తుంటే ఛాతీ కొంచెం తగ్గుతుంది, దారి అడగటానికి నోరు వస్తుంది. ఆమె తానే వేరే బండి నడుపుతానంటే అంతకంటె మంచిది. తేలికబండి ఎంచుకొన్న స్త్రీలు పెద్ద బండ్లవారిని దాటిపోవటం మేము చూచాము.

ఒంటరిగా పోరాదు. ముగ్గురు ఉంటే ఒకడు పడితే ఒకడు దగ్గర కూర్చుంటాడు, ఒకడు సహాయానికి పోతాడు. ముగ్గురిలో అందరికంటె నెమ్మదిగా నడిపేవాని వేగమే ముగ్గురి వేగం అని బయలుదేరేముందే ఒప్పుకోవలెను.

ఇక ఇంటిలో ఉంచి వెళ్ళవలసిన ప్రతి. మా దృష్టిలో ఇది అన్నింటికంటె ముఖ్యం. లోయలో చాలాచోట్ల ఫోను పలకదు. చంద్రతాల్ బయలుదేరిననాటి ఉదయంనుంచి మర్నాడు సాయంత్రం దాకా ఏ కబురూ రాకపోవటం సహజం. ఇది చెప్పకుండా పోతే, ఆ రాత్రి తల్లి నిద్రపోదు. ఉపగ్రహ ఫోను కొందామా అంటే, అనుమతి లేనిదే దానిని వాడుట మన దేశంలో నేరం. విదేశంలో ఉన్న అన్నయ్య తెచ్చి ఇచ్చాడని జేబులో వేసుకొని పోవద్దు. కాబట్టి కాగితంలో, ఏ రాత్రి ఎక్కడ పడక, ఆ బస ఫోను నంబరు, తోటివారి ఇళ్ళ నంబర్లు, బండి నంబరు, రక్తపు గ్రూపు, పడని మందులు ఇవన్నీ వ్రాసి, వాటికింద గంటలు వ్రాయవలెను: ఫలానా బుధవారం రాత్రి ఫోను రాకపోతే భయపడవద్దు, గురువారం రాత్రి తొమ్మిదింటికి కూడా రాకపోతే ముందు తోటివారి ఇళ్ళకు, ఆ తరువాత మనాలి బసకు, శుక్రవారం ఉదయం జిల్లా నియంత్రణ కేంద్రానికి చెప్పవలెను అని.

ఆ కేంద్రం నంబరు, కాజా పోలీసు స్టేషను నంబరు ముందే కనుక్కొని వ్రాయాలి. హోసూరులో కూర్చుని 112 నొక్కితే తమిళనాడు వారే పలుకుతారు, స్పితి వారు కాదు. ఇంకొక చిక్కు మనవంటి కుటుంబాలకు ప్రత్యేకం. మన ఇళ్ళలో తల్లులకు తెలుగు వచ్చును, కన్నడమో తమిళమో ఒడియానో వచ్చును. హిందీలో తొందరగా, భయంగా మాట్లాడవలసి వస్తే నోరు పెగలదు. అవతలివాడు రెండుసార్లు "హలో" అని పెట్టేస్తాడు. అందుకని షోలాపూరులోనో బొంబాయిలోనో ఉన్న మన బంధువొకరిని ముందుగా అడిగి, వారి పేరు కాగితంలో వ్రాయండి. తల్లి వారికి తెలుగులో చెప్పుతుంది, వారు అక్కడికి హిందీలో చెప్పుతారు. పినతండ్రులు, మేనమామలు నాలుగు రాష్ట్రాలలో చెదరి ఉన్నందుకు ఇదొక ఉపయోగం.

కాజాలో ఉన్న మూడు రోజులలో హిక్కిం గ్రామానికి పోయేవారు ఉంటారు. దాదాపు 4,400 మీటర్ల ఎత్తున 1983నుంచి అక్కడొక తపాలా ఆఫీసు ఉన్నది. ఇంటికి ఒక కార్డు వ్రాసి వేయవచ్చును. వ్రాసినవాడు ఇంటికి వచ్చిన తరువాత కార్డు వస్తుంది, అది వేరే సంగతి. విదేశీ పాస్‌పోర్టు గల పిల్లలు వెంట ఉంటే కిన్నౌరునుంచి స్పితిలోకి పోవటానికి వారికి అనుమతి పత్రం కావలెను, మనవారికి అక్కరలేదు. చంద్రతాల్ 2005నుంచి రామ్‌సర్ ఒడంబడిక కింద రక్షిత తటాకం. వాహనాలను దూరంగా ఆపి సరస్సుకు నడిచి పోవలెను. పచ్చికమీద చక్రాల గీతలు గీసి ఫోటో దిగేవారికి మా సానుభూతి లేదు. ఆ చలిలో పోయిన గడ్డి ఏళ్ళ తరబడి మొలవదు.

ఇదంతా చేతికి రావటానికి ముందు ఇంటిదగ్గర అభ్యాసం కావలెను. మనలో కోలారు వైపు బంధువులు లేనివారు తక్కువ. 2015లో డకార్ పందెం పూర్తిచేసిన మొదటి భారతీయుడు, బెంగళూరు వాస్తవ్యులు సి. ఎస్. సంతోష్ గారు, మట్టిబాటల శిక్షణకు బిగ్ రాక్ డర్ట్ పార్కును నెలకొల్పినది ఆ కోలారు ప్రాంతంలోనే. అటువంటి చోట రెండు రోజులు నేర్చుకొని, తరువాత ఒక ఆదివారం, స్పితికి తీసికొనిపోదలచిన సామానంతా కట్టి, బంధువుల ఊరి చెరువు బాటమీద, యజమానుల అనుమతితో, పగలంతా నడపండి. నిలబడి నడపటం, ఇసుకలో పడటం, లేపటం, గాలి దించటం, నింపటం అన్నీ చేయండి. సాయంత్రం సంచులు విప్పినప్పుడు, మందులు, పనిముట్లు తప్ప, ఆ రోజు చేయి తగలని వస్తువులన్నీ ఒక దుప్పటిలో మూటకట్టి కాటామీద వేయండి. ఎన్ని కిలోలు వచ్చిందో కాగితంలో మొదటి పద్దు పక్కన వ్రాసి, ఆ మూట అమ్మగారికి ఇచ్చి బీరువాలో పెట్టించండి.